వించ్, కంప్రెసర్ పెట్టించుకుంటున్నారా? లోపల చూడకుండా బంపర్ మూయనివ్వకండి (బెంగళూరు బండ్లవాళ్లకి జాగ్రత్త)

బెంగళూరులో ఒక ఆక్సెసరీస్ షాపు ఒక పికప్ ట్రక్కుకి స్టీలు బంపర్ కట్టి, అందులో 9,500 పౌండ్ల వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), పక్కనే టైర్లకి గాలి కొట్టే ఎయిర్ కంప్రెసర్ బిగించి ఇచ్చింది. బయటి నుంచి చూస్తే వంక పెట్టడానికి లేదు. పౌడర్ కోటింగ్ నిగనిగలాడుతోంది, రిమోట్ నొక్కితే తాడు చుట్టుకునే డ్రమ్ము తిరుగుతోంది, టైరుకి గాలి ఎక్కుతోంది. సకలేశపుర బురదలో మొదటిసారి నిజమైన బరువు పడగానే కరెంటు కేబుల్ పొగలు కక్కింది, వించ్ ఆగిపోయింది. బంపర్ విప్పాక లోపల కనిపించినవి కింద రాస్తున్నాం. మీ బండి ఇప్పుడు షాపులో ఉంటే ఇది చదివాకే డెలివరీ తీసుకోండి.

ముందు కేబుల్ సంగతి, అసలు మోసం అక్కడే జరిగింది. ఈ సైజు వించ్ నిండు బరువు లాగేటప్పుడు 12 వోల్టుల మీద దాదాపు 400 ఆంపియర్లు తాగుతుంది. సెల్ఫ్ మోటారైతే రెండు మూడు సెకన్లలో పని ముగించేస్తుంది, వించ్ నిమిషం పైన లాగుతూనే ఉంటుంది. దానికి కనీసం 35 స్క్వేర్ ఎంఎం అసలు రాగి కేబుల్ ఉండాలి. ఇందులో వేసింది 16 స్క్వేర్ ఎంఎం. అదీ రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. పైన ఎర్ర తొడుగు మందంగా ఉంటుంది కాబట్టి చేత్తో పట్టుకుంటే లావుగానే అనిపిస్తుంది. ఒక్క పోగు విడదీసి బ్లేడుతో గీకగానే ఎర్ర రంగు లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. అర నిమిషం పట్టని పరీక్ష ఇది. కేబుల్ కొస కోసి చూపించమంటే నసిగే షాపులో పని చేయించుకోవద్దు.

లెక్క చూడండి. బ్యాటరీ నుంచి వించ్‌కి రెండు మీటర్లు, తిరిగి బ్యాటరీకి రెండు మీటర్లు, మొత్తం నాలుగు. 400 ఆంపియర్ల దగ్గర 35 స్క్వేర్ రాగిలో పోయేది 0.8 వోల్టు. 16 స్క్వేర్ రాగిలో 1.7. ఈ అల్యూమినియం రకంలో దాదాపు 2.7. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పుట్టించేంత వేడి ఆ కేబుల్లోనే పుడుతుంది. అటు మోటారుకి వోల్టేజీ చాలదు, ఇటు సోలెనాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) టకటక కొట్టుకుని దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి. అవి అతుక్కుంటే రిమోట్ మీద వేలు తీసేసినా వించ్ లాగుతూనే ఉంటుంది. అప్పుడు కరెంటు తెంచడానికి ఐసోలేటర్ స్విచ్ కావాలి. ఈ బండిలో అది పెట్టనేలేదు.

లగ్గుల్ని (కేబుల్ కొసకి తొడిగే లోహపు కొక్కేల్ని) హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కాల్సింది పోయి సుత్తితో చదును చేశారు, గట్టిగా లాగితే ఒకటి చేతికి వచ్చేసింది. నెగటివ్ తీగని బ్యాటరీ దాకా తీసుకెళ్లకుండా పెయింట్ మీదే బంపర్ బోల్టుకి తగిలించారు. పాజిటివ్ కేబుల్‌ని గ్యాస్ కటింగ్‌తో కోసిన రంధ్రంలోంచి రబ్బరు గ్రామెట్ లేకుండా దూర్చారు. రంధ్రం అంచు కోసుకుని తొడుగు అప్పటికే చీలింది. ఇంకొంచెం లోతుగా తెగితే ఫ్యూజు లేని ఆ తీగ నేరుగా బాడీకి షార్ట్ అయ్యి బండి తగలబడేది. "ఏనూ ఆగల్ల సార్" (ఏమీ కాదు సార్) అని మెకానిక్ ఎంత ధైర్యం చెప్పినా ఈ ఒక్క విషయంలో వినొద్దు.

బిగింపు కూడా అంతే. ఈ తరగతి వించ్‌లకి నాలుగు బోల్టులు, వాటి మధ్య దూరం 10 అంగుళాలు బై 4.5 అంగుళాలు. కింద ప్లేటు కనీసం 6 ఎంఎం ఉండాలి, అది ఛాసిస్ పట్టాలకి నేరుగా కలవాలి. ఇక్కడ 3 ఎంఎం రేకు మీద వించ్ కూర్చోబెట్టి, ఆ రేకుని బంపర్ పైరేకుకి వెల్డ్ చేశారు. మొత్తం బంపర్‌ని పట్టుకున్నది పాత ప్లాస్టిక్ బంపర్ బ్రాకెట్లే. వించ్ డబ్బాలో వచ్చిన బోల్టులు పక్కన పడేసి, తల మీద ఏ గుర్తూ లేని హార్డ్‌వేర్ షాపు బోల్టులు వాడారు. బోల్టు తల చూడండి: 8.8 అంకె గానీ, అంగుళాల రకమైతే కనీసం మూడు గీతలు గానీ ఉండాలి. పొడవు ఎక్కువైనా ప్రమాదమే, కొస లోపల తగిలి వించ్ అల్యూమినియం ఒళ్లు పగులుతుంది.

చాలామందికి తెలియని ఇంకో తప్పు, తాడు చుట్టిన వైపు. తాడు డ్రమ్ము కింది వైపు నుంచి, అంటే ప్లేటుకి దగ్గరగా ఉన్న వైపు నుంచి రావాలి. దీంట్లో పైనుంచి చుట్టారు. డ్రమ్ము లోపలి బ్రేకు ఒక దిశలోనే పడుతుంది. తిరగేసి చుడితే వించ్ లాగుతున్నట్టే ఉంటుంది గానీ ఆపినప్పుడు బరువుని పట్టి ఉంచదు. ఎత్తు మీద బండి వెనక్కి జారుతుంది, వెనకాల మనిషి ఉంటే ప్రాణమే పోతుంది.

కంప్రెసర్‌ని బంపర్ మూలలో ఫాగ్ ల్యాంప్ వెనకాల పెట్టారు. నీళ్లు ముందుగా తగిలేది అక్కడే. దాని ఫిల్టర్ స్పాంజి ముక్క మాత్రమే, బురద నీళ్లు పీల్చి సిలిండర్‌లో తుప్పు పట్టింది. కంప్రెసర్ బానెట్ కింద ఎత్తుగా, ఎగ్జాస్ట్ వేడికి దూరంగా ఉండాలి. బంపర్‌లోనే పెట్టక తప్పకపోతే ఫిల్టర్‌ని గొట్టంతో పైకి తీసుకెళ్లాలి. కరెంటు కోసం ఫాగ్ ల్యాంప్ తీగని గీకి కలిపేశారు. బ్యాటరీ నుంచి సొంత తీగ, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, రిలే ఉండి తీరాలి. ఏఆర్‌బీ కంపెనీ ట్విన్ లాంటి పెద్ద కంప్రెసర్‌కైతే 40 ఆంపియర్ల ఫ్యూజులు రెండు కావాలి. గాలి బయటికొచ్చే మొదటి అడుగున్నరకి స్టీలు జాలీ గొట్టమే వాడాలి, ఆ గాలి కాలిపోతూ వస్తుంది. ఇక్కడ నీలం ప్లాస్టిక్ ట్యూబు వేశారు, అది మెత్తబడి రెండో టైరుకే ఊడింది.

డెలివరీ రోజు మల్టీమీటర్లు (వోల్టేజీ కొలిచేవి) రెండు తీసుకెళ్లండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బ్రేకు కొద్దిగా పట్టి, చెట్టుకి కాకుండా ఇంకో బరువైన బండికి తగిలించి లాగండి. ఒక మీటరు బ్యాటరీకి, ఇంకోటి వించ్ టెర్మినళ్లకి పొడవాటి తీగలతో ముందే తగిలించి, దూరంగా పక్కకి నిలబడి వోల్టేజీ చూడాలి, లాగేటప్పుడు తాడుకి ఎవరూ దగ్గర ఉండకూడదు. తేడా ఒక వోల్టు దాటితే బండి అక్కడే వదిలేయండి. సగం డబ్బు ఈ పరీక్ష అయ్యాకే ఇస్తామని అడ్వాన్సు రోజునే చెప్పండి. బిల్లులో కేబుల్ సైజు, "రాగి" అన్న మాట, ప్లేటు మందం రాయించుకోండి.

చట్టం సంగతి షాపువాళ్లు చెప్పరు. క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని, చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకి రాసింది. స్టీలు బంపర్‌తో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే సమయం మారొచ్చు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో పేచీ రావచ్చు. ఆ రిస్కు తెలిసే డబ్బు పెట్టండి.

ఇప్పటికే ఇలాంటి పని చేయించుకుని, లోపల ఏముందో చూడనివాళ్లు ఈ రాత్రే 13 నంబరు గానీ 10 నంబరు గానీ స్పానర్ తీసుకుని బ్యాటరీ మీద నుంచి వించ్ పాజిటివ్ లగ్గు విప్పేయండి. దానికి ఇన్సులేషన్ టేపు చుట్టి, ఏ లోహానికీ తగలకుండా పక్కకి కట్టేయండి. బండి మామూలుగానే నడుస్తుంది.