మోడల్ రైలు థ్రాటిల్‌కు 15 వోల్టుల అడాప్టర్: ఐదేళ్లు వాడాక

నాది హెచ్‌ఓ కొలత (అసలు రైలులో 87వ వంతు) బొమ్మ రైలు. పట్టాలకు వెళ్లే వోల్టేజిని మార్చి వేగాన్ని అదుపు చేసే డబ్బా, అంటే థ్రాటిల్, మామూలు డీసీ రకం, వెనుక '12–18 వోల్టులు, డీసీ' అని రాసి ఉంటుంది. అడాప్టర్ విడిగా మనమే చూసుకోవాలి. ఐదేళ్లుగా 15 వోల్టులు, 2 ఆంపియర్ల స్విచింగ్ అడాప్టర్ వాడుతున్నాను. దీనికంటే ముందు రెండు మార్చాను.

మొదటిది 12 వోల్టులు, 1 ఆంపియర్. ఇంజను ఒక్కటే ఉంటే చక్కగా పరుగెత్తేది. వెనుక ఆరు పెట్టెలు తగిలించి, వాటిలో బల్బులు వెలిగించేసరికి ఎత్తు ఎక్కలేక సగంలోనే నీరసించిపోయేది. తప్పు ఇంజనుదే అనుకుని చక్రాలు తుడిచాను, గేర్లకు నూనె వేశాను. చివరకు మల్టీమీటర్ మొనలు పట్టాలకు ఆనించి చూస్తే, నాబ్ పూర్తిగా తిప్పినా 9.6 వోల్టులే! నా థ్రాటిల్ లీనియర్ రకం, అంటే అక్కర్లేని వోల్టేజిని వేడిగా మార్చి తగ్గించేది. రెండున్నర వోల్టుల దాకా తానే మింగేస్తుంది. పట్టాల మీద 12 కావాలంటే లోపలికి 15 ఇవ్వాల్సిందే. కరెంటును వేగంగా ఆపుతూ, వదులుతూ పంపే పల్స్ పద్ధతి థ్రాటిళ్లలో ఈ కోత బాగా తక్కువ కాబట్టి వాటికి 12 సరిపోవచ్చు.

రెండోది ఇటుకలా బరువుండే పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం. పైన 12 అనే ఉన్నా, ఏమీ తగిలించకుండా కొలిస్తే 16.4 చూపింది. వోల్టేజిని నిలకడగా ఉంచే ఏర్పాటు లోపల లేకపోతే అంతే, భారం పడగానే దిగిపోతుంది. పెట్టె ఒకటి విప్పితే రైలు వేగం మారేది. స్టేషనులో మెల్లగా ఆపడం అలవాటైన వాళ్లకు ఇది భరించరానిది.

ఇప్పటి 15 వోల్టులది ఖాళీగా ఉన్నా, రైలు లాగుతున్నా 14.9 దగ్గరే నిలుస్తుంది. పట్టాల మీద 12.4 వస్తోంది. 18 వోల్టులది కూడా పెట్టవచ్చు గానీ నేను పెట్టను. లీనియర్ థ్రాటిల్‌లో మిగిలిన వోల్టేజి అంతా వేడిగా మారుతుంది. పట్టాల మీద 6 వోల్టులు, 0.7 ఆంపియర్లు నడుస్తుంటే 15తో సుమారు 6 వాట్ల వేడి పుడుతుంది, 18తో 8 దాటుతుంది. చేతిలో పట్టుకునే డబ్బాకు ఆ తేడా చాలా ఎక్కువ.

ఆంపియర్లు ఎక్కువైతే ఇంజను కాలిపోతుందా అని చాలామంది అడుగుతారు. కాలదు, మోటారు తనకు కావలసినంతే తీసుకుంటుంది. భయం ఉండాల్సింది షార్ట్ సర్క్యూట్ విషయంలో. ఒకసారి 5 ఆంపియర్లది తగిలించి చూశాను. రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పాయింట్ల దగ్గర పట్టాలు తప్పిన పెట్టె లోహపు చక్రం రెండు పట్టాలనూ కలిపేసింది. నేను లేచి వెళ్లేలోపు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. చక్రం కింద స్లీపరు (పట్టాల కింది అడ్డ దిమ్మ) మెత్తబడి పక్కకు ఒరిగిపోయింది. నా థ్రాటిల్‌లో షార్ట్ రక్షణ లేదు మరి. అదే పొరపాటు 2 ఆంపియర్ల దానితో జరిగితే అడాప్టర్ తానే ఆగిపోతుంది. దాని మీది పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, చక్రం తీయగానే మామూలవుతుంది.

కొనేముందు అడాప్టర్ వెనుక అక్షరాలు ఓపికగా చదవండి. అవుట్‌పుట్ అని ఉన్నచోట నిండు గీత, దాని కింద తుంపుల గీత ఉంటే డీసీ. అల గుర్తు ఉంటే ఏసీ. మధ్యలో చుక్క ఉన్న వలయం బొమ్మలో ప్లస్ లోపలికి ఉందా, బయటికి ఉందా చూసి థ్రాటిల్ మీది బొమ్మతో సరిపోల్చండి. ప్లగ్ బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా, లోపలి రంధ్రం 2.1 లేదా 2.5 ఉంటుంది. 2.1 సాకెట్‌లో 2.5 ప్లగ్ దూరుతుంది గానీ వదులుగా ఉండి, తీగ కదిలినప్పుడల్లా రైలు ఆగుతుంది.

రెండో థ్రాటిల్ కొన్నప్పుడు ఒకే అడాప్టర్ నుంచి రెండింటికీ ఇద్దామనుకున్నాను. నా పట్టాల్లో ఒక వైపు పట్టా రెండు లూపులకూ ఉమ్మడి. ఒక రైలు ముందుకు, మరొకటి వెనక్కు నడిపితే ఆ ఉమ్మడి పట్టా ద్వారా షార్ట్ అయ్యేది. రెండో థ్రాటిల్‌కు అలాంటిదే ఇంకో అడాప్టర్ విడిగా పెట్టాక ఆ బెడద పోయింది.

ఈ 15 వోల్టుల అడాప్టర్‌లో లోపం ఒక్కటే: తీగ సన్నం. నాలుగో ఏడు ప్లగ్ మొదట్లో లోపలి పోగులు తెగి, వంచినప్పుడల్లా దీపం ఆరిపోయేది. రెండు అంగుళాలు కత్తిరించి కొత్త ప్లగ్ అతికించాను. ఇప్పటికీ అదే నడుస్తోంది.