తవ్వి తరలించాలా, కప్పి ఉంచాలా, ఉన్నచోటే శుద్ధి చేయాలా? ఫ్యాక్టరీ నేలకు ఏది మేలు?

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, నాచారం, కాటేదాన్ వంటి పారిశ్రామిక వాడల్లో, ఔటర్ రింగు రోడ్డు లోపలున్న సుమారు 9,292 ఎకరాలను నివాసాలకూ వ్యాపారాలకూ మార్చుకునే వీలు కల్పిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో ఒక విధానం తెచ్చింది. మార్పిడి రుసుము ఎంత ఉండాలన్న చర్చ అవసరమే గాని, ఆ నేలలో ఏముందన్న ప్రశ్న అంతకన్నా ముందు రావాలి. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం వంటి లోహాలు అధికంగా ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఏనాడో చూపించారు.

కలుషిత మట్టిని తవ్వి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడం మొదటి మార్గం. ఖర్చు ఎక్కువే అయినా సీసం లాంటి లోహం ఎన్నేళ్లు గడిచినా విరిగిపోదు కాబట్టి, పిల్లలు ఆడుకునే చోట ఇదే నమ్మదగినది. పైగా మన నగరంలో అపార్టుమెంటు కడితే రెండు మూడు సెల్లార్లు తవ్వక తప్పదు, అంటే ఆ మట్టి ఎలాగూ బయటికి వస్తుంది. అది ఎక్కడికి పోతుందన్నదే అసలు విషయం. పరీక్ష లేకుండా టిప్పర్లకు ఎత్తిన మట్టి ఏ చెరువు శిఖంలోనో, ఏ లోతట్టు ప్లాటులోనో పడితే, ఒక వాడలోని విషాన్ని మరో వాడకు పంచినట్టే. అందుకే స్థలాన్ని గళ్లుగా విభజించి, ప్రతి గడిలోనూ వేర్వేరు లోతుల్లో నమూనాలు తీసి, మంచి మట్టినీ చెడు మట్టినీ వేరు చేశాకే యంత్రం దించాలి. దుండిగల్‌కు వెళ్లే భారం కూడా అప్పుడే తగ్గుతుంది.

రెండో మార్గం, నీరు దిగని పొర పరిచి, పైన శుభ్రమైన మొరం పోసి కప్పేయడం. ఇది చవక, త్వరగా పూర్తవుతుంది. పార్కింగుకో గోదాముకో సరిపోతుంది. అయితే విషం కిందే ఉంటుంది, ఆ పొరను తరతరాలూ ఎవరో ఒకరు కాపాడాలి. బిల్డరు ఫ్లాట్లు అమ్మి వెళ్లిపోయాక ఆ బాధ్యతను నివాసుల సంఘం మీద మోపడం న్యాయం కాదు.

మూడోది ఉన్నచోటే శుద్ధి. విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియాన్ని (క్రోమియం-6) ఫెర్రస్ సల్ఫేటు వంటి రసాయనంతో తక్కువ హానికరమైన ట్రైవాలెంట్ (క్రోమియం-3) రూపానికి మార్చవచ్చు. మందుల పరిశ్రమ వాడే ద్రావకాలు మన గ్రానైటు పగుళ్లలోకి దిగాయంటే అక్కడిదాకా తవ్వడం సాధ్యం కాదు, బోర్ల ద్వారా నీటిని తోడి శుద్ధి చేయడమో, భూమిలోకే రసాయనాలు పంపడమో చేయాలి. ఏళ్లు పడుతుంది. ఆవిరయ్యే ద్రావకాలను అలాగే వదిలేసి పైన కడితే, అవి సెల్లారు గాలిలోకి చేరతాయి.

నా దృష్టిలో ఇళ్లు కట్టే చోట లోహాలకు పరీక్షించి తవ్వడమే మేలు. ద్రావకాలకు ఉన్నచోటి శుద్ధే మేలు, ఆలస్యమైనా సరే. కప్పడాన్ని సెల్లారు లేని, భూగర్భ జలం లోతుగా ఉన్న స్థలాలకే పరిమితం చేయాలి. కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జులైలో తెచ్చిన నియమాలు శుద్ధి ఖర్చును కలుషితం చేసినవారే భరించాలంటున్నాయి, కాబట్టి భూమి చేతులు మారకముందే మట్టి, నీటి పరీక్షల నివేదిక చేతికి రావాలి. సెల్లారు గుంతలో ఊరే నీటిని నాలాలోకి తోడే అనుమతి కూడా ఆ నివేదిక చూశాకే ఇవ్వాలి.