ప్రోక్వాల్-5 ప్రశ్నావళి: అలసట తెలుస్తుంది, అతి జాలి తెలీదు

పరాయి దేశం నుంచి, పరాయి భాషతో, దెబ్బలు తిని వచ్చిన శరణార్థుల మాటలు వినే కౌన్సెలర్లు తమ లోపలి పరిస్థితి చూసుకోవడానికి వాడే కాగితాల్లో ప్రోక్వాల్-5 (ProQOL, అంటే వృత్తి జీవితం ఎలా ఉందో చూసే ప్రశ్నావళి) ఒకటి. బెత్ హడ్నల్ స్టామ్ తయారుచేసిన ఈ ఐదో రూపం 2009 నాటిది. ఉచితమే. ఆవిడ పేరు ఉంచాలి, ప్రశ్నలు మార్చకూడదు, అమ్మకూడదు.

ప్రశ్నలు 30. గత 30 రోజుల్లో ఎంత తరచుగా అలా అనిపించిందో 1 నుంచి 5 దాకా అంకె వేయాలి. పనిలో తృప్తికి పది ప్రశ్నలు, బర్నౌట్‌కి, అంటే పనితో పూర్తిగా అలిసిపోవడానికి, పది, ఎదుటివాళ్ల గాయం మనకి అంటుకోవడానికి పది. ఒక్కో విభాగంలో 22 వరకు తక్కువ, 23–41 మధ్యస్థం, 42 నుంచి ఎక్కువ. లెక్క తప్పేది సాధారణంగా ఒకేచోట: బర్నౌట్ విభాగంలోని 1, 4, 15, 17, 29 ప్రశ్నల అంకెలు తిరగేయాలి, 5 వేస్తే 1, 4 వేస్తే 2. అది మరిచిపోతే హాయిగా ఉన్న మనిషికి కూడా బర్నౌట్ మార్కులు లేనిపోనివి పెరిగిపోతాయి. ఇది జబ్బు నిర్ధారించే పరీక్ష కాదు.

అంతవరకు బాగుంది. అయితే ఇది ఏటిలో నీరు ఎంత లేచిందో చెప్పే కొలబద్దలాంటిది. అది పోటు నీరో వరద నీరో చెప్పదు. శరణార్థులతో పనిలో తేడా అక్కడే ఉంటుంది. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. మయన్మార్ నుంచి వచ్చిన రోహింజ్యా మనిషి "మమ్మల్ని పంపేస్తారా?" అని అడిగితే థెరపిస్టు దగ్గర జవాబుండదు. ఆ నిస్సహాయత ఇక్కడ బర్నౌట్ లెక్కలో కలిసిపోవచ్చు. కళ్లు తడవకుండా ఘోరాలు చెబితే, తేదీలు ఒకసారికొకటి మారితే, "నిజమేనా?" అనే అనుమానం వస్తుంది. గాయపడ్డ జ్ఞాపకం ముక్కలుగానే వస్తుందని చదువుకున్నా సరే! ఆ అనుమానాన్ని అడిగే ప్రశ్న ఇందులో లేదు.

మన కోస్తా డెల్టా కౌన్సెలర్లు దీనికి ఎదురు తప్పు, అంటే అతి జాలి, చేసే వీలుంది. 1942లో రంగం (బర్మాలోని రంగూన్) నుంచి కాలినడకన వచ్చిన పెద్దల కథలు కోస్తా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. శరణార్థి నోరు విప్పగానే "మా తాతా ఇలాగే వచ్చాడు" అనిపిస్తుంది. అప్పట్నించీ వినేది తాత కథే, ఎదుటి మనిషిది కాదు. సెషన్ గంటన్నర దాకా సాగుతుంది, సొంత ఫోన్ నంబరూ చేతులు మారుతుంది. ఇంత జరిగినా తృప్తి మార్కులు 42 దాటి మెరిసిపోవచ్చు. అందుకే మా లెక్కలో ఈ ప్రశ్నావళికి ఐదుకి మూడు మార్కులు.

పక్కన ఒక నోటు పుస్తకం పెడితే లోటు కొంత తీరుతుంది. సెషన్ అవ్వగానే మూడు వాక్యాలు చాలు: ఎప్పుడు వినబుద్ధి కాలేదు, ఎప్పుడు హద్దు దాటి సాయం చేయబుద్ధయింది, ఎవరు గుర్తొచ్చారు. వాటిని పదిహేను రోజులకోసారి సూపర్‌వైజర్‌తో, అంటే దారి చూపే సీనియర్ కౌన్సెలర్‌తో, చూడాలి. దుబాసీకి కూడా ఈ కాగితం ఇవ్వాలి, సెషన్‌కి ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు కేటాయించాలి. బెంగాలీ వచ్చు కదా అని శరణార్థి కూలికి వెళ్లే రొయ్యల ప్లాంటు మేస్త్రీని దుబాసీగా కూర్చోబెడితే పని జరగదు. రోహింజ్యా మాట చిట్టగాంగ్ యాసకి దగ్గర, బెంగాలీతో పూర్తిగా అందదు. పైగా మేస్త్రీ ముందు కూలీ ఏం చెబుతాడు?

కాగితం నెలకోసారి, బరువైన కేసు చూడని రోజున నింపాలి. పేరు రాయించి ఆఫీసు ఫైల్లో పెట్టిస్తే మాత్రం అందరికీ చక్కటి మార్కులే వస్తాయి.