లంచం అడిగిన ఉద్యోగి: ఏసీబీకి పట్టించాలా, కలెక్టరుకు అర్జీ పెట్టాలా?

కౌలు కార్డులు రాసే రోజుల్లోనూ ధాన్యం కొనుగోళ్ల రోజుల్లోనూ ఈ ప్రశ్న వేసేవారు ఎక్కువవుతారు. పాస్‌బుక్కులో పేరు మార్చడానికి వీఆర్వో అడిగాడనో, గట్టు కొలవడానికి సర్వేయరు అడిగాడనో, రొయ్యల చెరువు కరెంటు పని కదలడం లేదనో వస్తారు. ఇచ్చేసి పని కానిచ్చుకునే దారిని ఇక్కడ తూకం వేయను. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇవ్వడమూ నేరమే, ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఇవ్వకూడదు, ఊరుకోకూడదు అనుకున్నవారికే ఈ మాటలు.

ముందు అర్జీ సంగతి. కలెక్టరేటులో సోమవారం ఇచ్చే అర్జీకి ఖర్చు లేదు, రసీదు చేతికిస్తారు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడ్డాక సఖినేటిపల్లి రైతుకు కాకినాడ ప్రయాణం తప్పింది, అమలాపురం వెళ్తే చాలు. అక్కడి దాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఆ కాగితం ఆర్డీవోకు, అక్కడి నుంచి తహసీల్దారుకు దిగుతుంది. తహసీల్దారు వివరణ అడిగేది ఎవరిని? ఆ వీఆర్వోనే. ‘అర్జీదారుతో మాట్లాడాము, సమస్య పరిష్కారమైంది’ అని రాసి మూసేసిన అర్జీలు చూసి చూసి ఆ వాక్యం నాకు కంఠతా వచ్చేసింది.

అయినా శాఖాపరమైన విచారణను తీసిపారేయలేం. క్రిమినల్ కోర్టులోలా సందేహానికి అతీతమైన రుజువు అక్కడ అక్కర్లేదు. జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువని తేలితే చాలు, ఇంక్రిమెంటు ఆపడం మొదలుకొని ఉద్యోగం తీసేయడం దాకా వెళ్లవచ్చు. వెళ్లవచ్చు గానీ, మామూలుగా జరిగేది బదిలీ. రాజోలులో చేయి చాచినవాడు ముమ్మిడివరంలో చాస్తాడు. మీ పని కావడమే మీకు ముఖ్యమైతే అర్జీ పెట్టండి, చాలాసార్లు పని అవుతుంది. అతనికి శిక్ష పడాలంటే మాత్రం అది చాలదు.

ఇక ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ. 1064కి ఫోను చేయవచ్చు. రాజమహేంద్రవరంలోనో ఏలూరులోనో ఉన్న కార్యాలయానికి నేరుగా వెళ్లడం ఇంకా మంచిది. మొత్తం చిన్నదని వెనకాడనక్కర్లేదు, ఇంతకు తక్కువైతే కేసు లేదనే గీత చట్టంలో లేదు. ఏసీబీ పొడి పూసి మీ చేత ఇప్పించే నోట్లు, వాటిని ముట్టి సోడా నీళ్లలో గులాబీ రంగుకు తిరిగిన వేళ్లు పత్రికల్లో అందరూ చూసినవే. ఆ రంగే కేసు అనుకుంటారు చాలామంది. కాదు. నోట్లు దొరికినంత మాత్రాన చాలదని, లంచం అడిగినట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2014లో, 2015లో చెప్పింది. ఆ రెండూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులే. మొదటిదాంట్లో ఫిర్యాదుదారుడే కోర్టులో మాట మార్చాడు, రెండోదాంట్లో విచారణకు ముందే చనిపోయాడు. నిందితులిద్దరూ బయటపడ్డారు. 2022 డిసెంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొంత ఊరట ఇచ్చింది. ఫిర్యాదుదారుడు చనిపోయినా, ఎదురు తిరిగినా, ఇతర సాక్షులతో, పరిస్థితులతో ‘అడిగాడు’ అన్నది నిరూపించవచ్చంది. నిరూపించనక్కర్లేదని అనలేదు. అందుకే ఒక జాగ్రత్త: ఆ ఉద్యోగి నోరు తెరిచి అడగకముందే కవరు చేతిలో పెట్టకండి. ఆ మాట ఏసీబీ మీ వెంట సాక్షిగా పంపిన మధ్యవర్తి చెవిన పడాలి.

నా దృష్టిలో అసలు తేల్చేది ఇంకొకటి ఉంది. అతను పట్టుబడిన రోజుకూ మీరు సాక్షిగా బోనెక్కే రోజుకూ మధ్య ఏళ్లు గడుస్తాయి. ప్రాసిక్యూషన్‌కు పై అధికారి అనుమతి కావాలి. దానికి మూడు నెలలు, అవసరమైతే మరో నెల గడువు. విచారణ రెండేళ్లలో ముగించడానికి ప్రయత్నించాలని, పొడిగించినా నాలుగేళ్లు దాటకూడదని చట్టం అంటుంది. ఆ లోపల మీ అరుగు మీదకు ఎవరెవరు వస్తారో ఊహించుకోండి. వియ్యంకుడి తమ్ముడు వస్తాడు, నీటి సంఘం పెద్ద వస్తాడు, చివరికి ఆ ఉద్యోగి భార్యే వచ్చి పిల్లల పేరు చెప్పి ఏడుస్తుంది. ‘పోనీలేరా, నీ పని అయిపోయిందిగా’ అని మీ ఇంట్లోవాళ్లే అంటారు. రేపు శివారు చేలకు నీరు రావాలన్నా, అమ్మాయికి సంబంధం కుదరాలన్నా ఆ మనుషులే కావాలి. అప్పటికే మీ చేత మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించి ఉంటే, మాట మార్చినప్పుడు అబద్ధపు సాక్ష్యం కింద ఇరుక్కునేది మీరు. అందుకే నా దగ్గరికి వచ్చినవారిని ఎంత అడిగాడని కాదు, ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా అని ముందు అడుగుతాను.

ఒప్పుకుంటే, డబ్బు ఇంకా చేతులు మారకపోతే, నా ఓటు ఏసీబీకే. అరెస్టయి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే ఆ ఉద్యోగి సస్పెండైనట్లే లెక్క. అర్జీతో అది ఎన్నడూ అంత తొందరగా జరగదు. దళారీ ద్వారా పుచ్చుకున్నా చట్టం ఇద్దరినీ పట్టుకుంటుంది. తహసీల్దారు కార్యాలయంలో జీతం లేకుండా తిరిగే ‘ప్రైవేటు అసిస్టెంటు’ను చూపించి ఆయన తప్పించుకోలేడు.

అధికారుల మీద ఫిర్యాదులు విచారించే లోకాయుక్త కూడా ఉంది. సిఫారసు చేయగలదు గానీ శిక్ష వేయలేదు. ప్రత్యేక కోర్టులో నేరుగా ప్రైవేటు ఫిర్యాదు వేయవచ్చంటారు. అక్కడా అనుమతి మెలిక తప్పదు.

ఇప్పటికే ఇచ్చేశారా? బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే నేరం అంటదు, ఎనిమిదో రోజు ఆ రక్షణ ఉండదు. సగం ఇప్పుడు, సగం పని అయ్యాక అన్న ఒప్పందమైతే రెండో సగం మీద ఏసీబీ వల వేయగలదు, మొదటి సగం సంగతి కూడా దాచకుండా చెప్పండి. ఫోనులో మాటలు రికార్డు చేసి ఉంటే ఆ ఫోనును కేసు తేలేదాకా అమ్మకండి, మార్చకండి. కొత్త ఫోనులోకి ఎక్కించిన కాపీ మీద డిఫెన్సు లాయరు అడిగే మొదటి ప్రశ్న ‘అసలుది ఏది?’ అనే.