కన్నడ పదాలు నేర్వడానికి ఏది మేలు: పట్టికా, చీటీలా, వాడుకా?

బెంగళూరులో స్థిరపడే తెలుగువారికి కన్నడ లిపి పెద్ద అడ్డంకి కాదు. రెండు లిపులకూ మూలం ఒకటే కనుక కొద్ది వారాల్లోనే బస్సు బోర్డులు చదవగలుగుతారు. అసలు కష్టం పదసంపద దగ్గర మొదలవుతుంది.

చాలామంది మొదట పట్టుకునేది కూరగాయలన్నీ ఒకచోట, రంగులన్నీ ఒకచోట పేర్చిన పట్టికను. అది చూపుకు ముచ్చటగా ఉన్నా, ఒకే వర్గపు కొత్త పదాలను ఒక్కసారిగా నేర్పితే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి ఆలస్యంగా పట్టుబడతాయని థామస్ టింకమ్ 1993లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. ఈరుళ్ళి అంటే ఉల్లి, బెళ్ళుళ్ళి అంటే వెల్లుల్లి. రెండింటినీ ఒకే పూట చదివినవారు సంతలో తడబడడం సహజమే. పట్టికను నేను సిఫారసు చేయను.

ఒకవైపు పదం, మరోవైపు అర్థం రాసుకునే చీటీల పద్ధతి ఇంతకన్నా చాలా మెరుగు. నేర్చినది తొలి గంటల్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను చేసుకున్న పరీక్షలతో చూపారు. ఆ మరపును అడ్డుకోవడానికి సెబాస్టియన్ లైట్నర్ 1970లలో అరల పెట్టెను ప్రచారంలోకి తెచ్చారు: అర్థం సరిగా చెప్పగలిగిన చీటీ తర్వాతి అరకు వెళ్ళి ఆలస్యంగా తిరిగొస్తుంది, తప్పిన చీటీ మొదటి అరకు చేరి త్వరగా ఎదురవుతుంది. అయితే మనకు ప్రతి పదానికీ చీటీ అక్కరలేదు. పాత కన్నడంలో పదం మొదటి పకారం తర్వాత హకారమైందని తెలిస్తే హాలు (పాలు), హులి (పులి), హూవు (పువ్వు) వాటంతట అవే అర్థమవుతాయి. శ్రమంతా కెలస (పని), బెళిగ్గె (ఉదయం), హుడుకు (వెతుకు) వంటి పోలిక లేని మాటలపై పెట్టవచ్చు.

చీటీ ఇవ్వలేనిది వాడుక ఇస్తుంది. కొడి అంటే ఇవ్వండి అని ఎన్నిసార్లు చదివినా తెలుగు చెవికి కొట్టడమే తోస్తుంది. సిటీ బస్సులో కండక్టరు ‘చిల్లరె కొడి’ అన్నప్పుడు మాత్రం సందేహం ఉండదు. కానీ కేవలం వాడుకనే నమ్ముకుంటే ఈ నగరంలో ఒక చిక్కుంది: మన యాస వినగానే చాలామంది దుకాణదారులు ఆప్యాయంగా తెలుగులోకే మారిపోతారు, మనమూ హాయిగా అందులోనే ఉండిపోతాం.

అందువల్ల పెద్దవారికి చీటీలే ముందు మేలని, వాటిపై విడి పదానికి బదులు ‘ఊట ఆయ్తా?’ (భోజనం అయిందా?) వంటి పూర్తి మాట రాసుకోవాలని నా అభిప్రాయం. ఆ పూట తిరగేసిన మాటను అదే రోజు ఎవరితోనైనా అనాలి, అవతలివారు తెలుగులోకి మారితే కన్నడంలోనే చెప్పమని అడగాలి. కన్నడ పిల్లలతో కలిసి ఆడుకునే పిల్లలకు మాత్రం చీటీలు అవసరం లేదు.