బోన్ల బాడీస్ గుచ్చుకుంటోందా? రిజిలీన్, కేబుల్ టై, సింథటిక్ వేల్‌బోన్, స్టీలు: ఏది మేలు?

విక్టోరియా కాలపు గౌను బాడీస్ (నడుము పైభాగం) తొడుక్కున్నవాళ్లు అరగంట తిరక్కుండానే చంక కింద వేళ్లు పెట్టి లాక్కుంటుంటే అందరూ లోపల నిలువునా కుట్టిన గట్టి బద్దల్ని, అంటే బోన్లనే తిడతారు. తెలుగులో బోనంటే ఎలకనో పులినో పట్టేది కాబట్టి ఆ తిట్టు నోటికి సులువుగానే వస్తుంది. కానీ నడుమును బిగించి పట్టుకునేది గుడ్డ. ఆ గుడ్డ ముడతలు పడి నడుము దగ్గర కుప్పకూలకుండా నిలువునా చాపి ఉంచడం వరకే బోన్ పని. అందుకే ఏ రకం బోన్ మేలని అడిగే ముందు బాధ దేనివల్లో తేల్చుకోవాలి.

పల్చటి కోరా గుడ్డతో ట్రయల్ కుడితే అది సాగి మోసం చేస్తుంది. కాటన్ డ్రిల్‌తో కుట్టండి. ఒకసారి బోన్లు లేకుండా, ఇంకోసారి కుట్ల మీద మాస్కింగ్ టేపుతో బోన్లు అంటించి వేసి చూడండి. బోన్లు లేకుండానే ఊపిరి బిగబడితే, చంక కోసుకుంటే తప్పు కటింగ్‌లో ఉంది. ఎంత మంచి స్టీలు తెచ్చినా అది పోదు. బోన్లు పెట్టాకే గుచ్చుకుంటే అప్పుడు వాటి రకం, పొడవు, చివరలు చూడాలి.

ఇంగ్లీషులో బోన్ అంటే ఎముకే అయినా ఆ రోజుల్లో వాడింది అసలు ఎముక కాదు, తిమింగలం నోట్లో జల్లెడలా ఉండే బలీన్ పలకల్ని చీల్చిన బద్దలు. మన గోళ్లలాగే అది కెరటిన్. ఒంటి వేడికి ఒంటి వంపు తీసుకుంటుంది, అయినా నడుము దగ్గర విరిగి మడత పడదు. 1883లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని త్రీ ఓక్స్‌లో ఎడ్వర్డ్ వారెన్ టర్కీ కోడి ఈకల కాడలతో ఫెదర్‌బోన్ మొదలుపెట్టింది ఈ బలీన్‌కి బదులుగానే. ఇప్పుడు దొరికే వాటిని ఒంటి వంపు తీసుకోవడం, మడత పడకపోవడం అనే ఈ రెండు గుణాలతోనే తూచాలి.

మన టైలరింగ్ సామాన్ల కొట్టులో ముందు చేతికొచ్చేది రిజిలీన్. సన్నటి పాలియెస్టర్ కడ్డీలను పక్కపక్కన పేర్చి నేసిన పట్టీ, సుమారు 12 మిల్లీమీటర్ల వెడల్పు. మిషన్ సూది అందులోంచి దిగుతుంది కాబట్టి లైనింగ్ మీద నేరుగా కుట్టేయొచ్చు. రిసెప్షన్ గౌనుకో, భుజాల పట్టీలు లేని లెహంగా బ్లౌజుకో అది చాలు. నడుము బిగించే బాడీస్‌కి చాలదు, నడుము వంపు దగ్గర వంగి అలాగే ఉండిపోతుంది. పైగా కత్తిరించిన చోట ప్రతి కడ్డీ ఒక ముల్లే. కొవ్వొత్తి మంటకు చివర చూపించి కరిగించాలి, ఆ మీద మెత్తటి గుడ్డ ముక్క మడిచి కుట్టాలి. కరిగించడంతో ఆపేస్తే ఆ గడ్డ గరుకై ఇంకా ఎక్కువ గీరుతుంది. రోల్లో చుట్టుకున్న వంపు పోవాలంటే వేడినీళ్లలో ముంచి, బల్ల మీద చాపి, బరువు పెట్టి ఆరనివ్వాలి.

ఎలక్ట్రికల్ షాపులో వైర్లు కట్టడానికి దొరికే నైలాన్ కేబుల్ టైలు చవక, పైగా రిజిలీన్ కంటే చాలా గట్టివి. 7.6 లేక 9 మిల్లీమీటర్ల వెడల్పువి తీసుకుని తల కోసేసి, చివరలు గుండ్రంగా కత్తిరించి గోళ్ల ఆకురాయితో రుద్దితే సరిపోతుంది. పళ్లున్న వైపు బయటికి, నున్నటి వైపు ఒంటికి ఉండాలి. 18వ శతాబ్దపు స్టేస్ (కార్సెట్ లాంటి బిగుతు లోదుస్తు) లాంటి, బద్ద పక్కన బద్దగా నిండా బోన్లు పెట్టే వాటికి ఇవి బాగా నప్పుతాయి, ఎందుకంటే అక్కడ ఒక్కో బోన్ మీద పడే బరువు తక్కువ. 1880ల బాడీస్‌లో బోన్లు పన్నెండు లోపే ఉంటే ఒక్కోదాని మీద భారం ఎక్కువ. నైలాన్ చెమటా వేడీ తగిలి మెత్తబడి, రెండు మూడు గంటల్లో పొట్ట దగ్గర ముందుకు వంగిపోతుంది. మన ఎండల్లో ఇంకా తొందరగా.

జర్మనీలో తయారయ్యే సింథటిక్ వేల్‌బోన్ బలీన్‌కి అన్నిటికంటే దగ్గర. 5 నుంచి 7 మిల్లీమీటర్ల వెడల్పు, మందం మిల్లీమీటరున్నర. మామూలు కత్తెరతో తెగుతుంది, తుప్పు పట్టదు, ఒంటి వేడికి వంపు తీసుకుంటుంది. తెప్పించుకోవడమే ఖర్చు. అయినా మెయిన్ బాడీస్‌కి మా ఓటు దీనికే.

స్టీలులో రెండు రకాలు, రెండూ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. ఫ్లాట్ స్టీలు ముందుకీ వెనక్కీ వంగుతుంది, పక్కకి వంగదు. స్పైరల్ స్టీలు తీగను చుట్టి నొక్కి చేసింది కాబట్టి పక్కకీ వంగుతుంది. వంపు తిరిగిన ప్రిన్సెస్ కుట్టు (రొమ్ము మీదుగా నడుము దాకా దిగే కుట్టు) మీద ఫ్లాట్ పెడితే ఆ కుట్టు బోన్‌కి లొంగి తిన్నగా అవుతుంది, రొమ్ము కింద గుడ్డ పొంగుతుంది. అక్కడ 6 మిల్లీమీటర్ల స్పైరల్ పెట్టండి. వెనక తాడు దూర్చి కట్టే ఐలెట్లకు (రంధ్రాలకు) రెండు పక్కలా మాత్రం ఫ్లాటే ఉండాలి. అక్కడ స్పైరల్ పెడితే తాడు బిగించగానే అంచు విల్లులా వంగుతుంది. స్పైరల్ కోసిన చోట లోహపు టోపీ తప్పనిసరి, ప్లాయర్‌తో రెండు వైపులా నొక్కాలి. ఫ్లాట్‌ను కోసిన చోట పూత పోతుంది కాబట్టి ఆకురాయితో గుండ్రం చేసి, ప్లంబర్లు వాడే తెల్ల టేపు నాలుగైదు చుట్లు చుట్టాలి. లేదంటే చెమటకు తుప్పు మరక పైగుడ్డ దాకా వస్తుంది.

పొడవు, కాలువ

ఏ రకమైనా, బోన్ తనను దూర్చే కాలువ (గుడ్డ తొడుగు) కంటే పొట్టిగా ఉండాలి. పైనా కిందా అంచు కుట్టుకు 6 మిల్లీమీటర్ల ముందే ఆగిపోవాలి. ఖాళీ లేకపోతే కూర్చున్న ప్రతిసారీ అంచును పొడిచి చివరికి చిల్లు చేసుకుంటుంది. కాలువ వెడల్పు బోన్ కంటే 2 మిల్లీమీటర్లు ఎక్కువ చాలు. అంతకు మించితే లోపల పక్కకి తిరిగి, దాని అంచు ఒంట్లోకి దిగుతుంది. ముందు డార్టుల మీది బోన్ డార్టు మొనకు 2 సెంటీమీటర్ల కిందే ఆగాలి. చంక కిందిది అంచుకు నాలుగైదు సెంటీమీటర్ల కింద ఆగాలి. బోన్‌ను పైదాకా తీసుకెళ్తే బాడీస్ గట్టిగా నిలబడుతుందనుకుంటారు, జరిగేది మాత్రం చెయ్యి దించినప్పుడల్లా పోటు.

పాతవాళ్ల కిటుకు ఒకటుంది. బోన్ తొడుగు టేపును కుట్టు మార్జిన్ల మీద కుట్టేటప్పుడు నడుము దగ్గర సెంటీమీటరు వదులు వదిలేవాళ్లు. తర్వాత బోన్‌ను అందులోకి ఒత్తి తోస్తే అది స్ప్రింగులా చాపుకుని గుడ్డ ముడతల్ని లాగేస్తుంది. దానికంటే ముందు మార్జిన్లకు నడుము గీత మీదా, దానికి పైనా కిందా 2 సెంటీమీటర్ల దూరంలో గాట్లు పెట్టాలి. గాట్లు లేని మార్జిన్ నడుమును లాగుతుంది, ఆ ముడతల్ని ఏ బోనూ తీయలేదు.

భుజం పట్టీలా, నడుము పట్టీయా?

బాడీస్ పైకి ఎక్కుతోందనగానే ఇంకో రెండు బోన్లు వేస్తారు, జారుతోందంటే భుజం పట్టీలు బిగిస్తారు. రెండింటికీ మందు నడుము పట్టీ. 2.5 సెంటీమీటర్ల గ్రోగ్రెయిన్ రిబ్బన్ (అడ్డగీతల గట్టి నేత రిబ్బన్), నడుము కొలత కంటే 2 సెంటీమీటర్లు తక్కువ పొడవు, చివర రెండు హుక్కులు. లోపల నడుము గీత మీద, పక్క కుట్ల దగ్గరా వెనక కుట్ల దగ్గరా మార్జిన్లకు మాత్రమే చేత్తో కుట్టాలి, బాడీస్ తెరుచుకునే వైపు రెండు చివరలూ వదులుగా ఉండాలి. ముందు పట్టీ హుక్కులు, తర్వాతే బాడీస్ హుక్కులు. అప్పుడు నడుము గీత నడుము మీదే ఉంటుంది, హుక్కుల మీద లాగుడు తగ్గుతుంది. పారిస్‌లో 19వ శతాబ్దపు ఫ్యాషన్ డిజైనర్ చార్ల్స్ ఫ్రెడరిక్ వర్త్ దుకాణం తన పేరును నేయించింది ఈ పట్టీ మీదే.

బొత్తాలు, తాడు, జిప్

1880లలో పగటి బాడీస్‌కి ముందు బొత్తాలుండేవి, విందులకు వేసుకునేదానికి ఎక్కువగా వెనక తాడు. ఒంటి కొలత మారే వాళ్లకైనా, పాడే వాళ్లకైనా తాడే మేలు. కట్టాక మధ్య ఖాళీ పైనుంచి కింది దాకా సమానంగా ఉందో లేదో చూడండి. కింద వెడల్పైతే తుంటి దగ్గర గుడ్డ చాలలేదని, పైన వెడల్పైతే ఛాతీ దగ్గర చాలలేదని అర్థం. అప్పుడు తాడు లాగడం కాదు, పక్క కుట్టు విప్పాలి. జిప్‌కి సర్దుబాటు లేదు. ఛాతీ కొలత ఊపిరి నిండా తీసుకున్నప్పుడూ వదిలినప్పుడూ రెండుసార్లు తీసుకుని పెద్దదానికే కుట్టాలి. ఒకే బాడీస్‌ను పలువురు వేసుకునే బాలే సంస్థల్లో ఒక వరస హుక్కులకు ఎదురుగా హుక్కు తగిలించే కాడలను రెండు మూడు వరసలుగా కుడతారు. నాటక బృందాలకు అదే తెలివైన పని.

పై అంచు రొమ్ము దగ్గర నోరు తెరిస్తే పక్క కుట్టు పట్టకండి, ఊపిరి పోయేది అక్కడే. ప్రిన్సెస్ కుట్టు పై చివర అర సెంటీమీటరు పట్టి కిందికి సున్నా చేస్తూ రండి. చంక కోసుకుంటే ముందువైపు వంపునే ఒక్కోసారి అర సెంటీమీటరు చొప్పున తీసేయాలి. చంక అడుగును ముట్టుకోకండి, అది పోతే బాడీస్ వదులవుతుంది. ముందువైపు బోన్ పొడవును కుర్చీలో కూర్చోబెట్టి కొలవాలి, దాని కింది చివరకూ తొడకూ మధ్య 2 సెంటీమీటర్లుండాలి. ట్రయల్ కూడా లోపల వేసుకునే మల్మల్ షెమీజ్‌తోనే (లోచొక్కాతోనే) చేయాలి, దాని కుట్టు నడుము గీత మీద పడకూడదు.