స్థిరపడిన శివారా, ఎదుగుతున్న శివారా?

తర్వాత మంచి ధరకు అమ్ముకోవాలంటే ఇల్లు ఏ శివారులో కొనాలి? ముందు ఒక మాట: ఇంటి విలువ పెరిగిందంటే నిజానికి పెరిగేది నేల విలువే. గోడలు ఏటా పాతబడుతూనే ఉంటాయి. స్థిరపడిన శివారులో ఖాళీ స్థలాలు దాదాపు ఉండవు, అమ్మకానికి వచ్చే ఇళ్లూ తక్కువే. ధర నిదానంగా పెరుగుతుంది. నిదానమంటే తీసిపారేయకండి: ఏటా 6 శాతం చొప్పున పెరిగినా 12 ఏళ్లలో రెట్టింపు.

ఎదుగుతున్న శివారుకు రోడ్డు, బడి, రైలు స్టేషన్ వస్తే ధర ఎగబాకుతుంది. వస్తే! రాబోయే రోడ్డంటూ పటంలో గీసిన చుక్కల గీతను నమ్మి కొని, ఎదురుచూస్తూ ఉండిపోయినవాళ్లు ఎందరో. పైగా మీరు అమ్మబోయే నాటికి పక్క వీధిలోనే బిల్డరు సరికొత్త ఇళ్లు అమ్ముతుంటాడు. రంగు వెలిసిన మీ గేటు ముందు ఎవరు ఆగుతారు?

అయిదేళ్లలో అమ్మేదైతే నా ఓటు పాత శివారుకే. పదిహేనేళ్లు ఆగగలిగితే కొత్తదే. అయితే పనులు మొదలయ్యాక, చుట్టూ ఖాళీ నేల తక్కువగా మిగిలిన చోట.